కళ్ళు బాగానే ఉన్నాయి, గోడే కదులుతోంది

రథసప్తమి అయిన మూడో రోజు. శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. నాకు ముందు కనపడ్డవి ఆవిడ చేతులు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే పనిలో ఏళ్ళు గడిపినవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయి, జీడి రసం అంటి చర్మం నల్లగా మందంగా మారిపోయి. ఆ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, దాన్నిండా రిపోర్టులు. కుర్రాడికి 22 ఏళ్ళు. వేరే రాష్ట్రంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. గదిలోకి వస్తూనే ట్యూబ్‌లైట్ వైపు వీపు ఉండేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

“గుంటడికి సూపు పాడైపోనాది బాబూ. కళ్ళ ముందర చీమలు పాకుతున్నట్టుందంట. గోడలు ఊపిరి తీస్తన్నాయంట. ఏటైపోనాదో తెల్దు. అరసవల్లి తీసుకెళ్ళి మొక్కించినాను కూడాను” అందావిడ.

మా జిల్లాలో కంటి జబ్బంటే ముందు అరసవల్లి, ఆ తర్వాతే కంటి డాక్టరు. సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంటే చూపు బాగుపడుతుందని తరతరాల నమ్మకం. దాని జోలికి నేనెప్పుడూ పోను. కాకపోతే ఎవరో పెద్దమనిషి “రోజూ పొద్దున్నే రెప్ప వేయకుండా సూర్యుణ్ణి చూడు” అని చెప్పాడట, వీడు పది రోజులుగా చూస్తున్నాడట. అది మాత్రం అప్పటికప్పుడే ఆపించాను. సూర్యుణ్ణి నేరుగా చూస్తే రెటీనా మధ్య భాగం కాలుతుంది, నొప్పి కూడా తెలియదు. “కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకో బాబూ, స్వామి ఏమీ అనుకోడు” అన్నాను.

ఇది రాయడానికి ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. వాణ్ణి ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మొదటి రోజు చేసిన తప్పు

కవరులో ఉన్నవి వరుసగా చూశాను. కంటి పరీక్షలో రెండు కళ్ళూ 6/6. చుక్కలేసి లోపల చూసిన రిపోర్టు, రెటీనా స్కానింగ్, అన్నీ మామూలుగానే ఉన్నాయి. విశాఖపట్నంలో తీయించిన మెదడు ఎంఆర్ఐలో లోపమేమీ లేదు. ఒక జత కళ్ళజోడు, పవర్ లేనిది. రెండు రకాల కంటి చుక్కలు. అన్నిటికంటే కింద, కాలేజీ ఉన్న ఊళ్ళో ఒక డాక్టరు రాసిన చీటీ. అందులో రిస్పెరిడోన్ ఉంది. అది పిచ్చికి, అంటే సైకోసిస్‌కి వాడే మందు.

“ఆ మాత్ర వేసుకున్నాక ఎక్కువైంది సార్. పది రోజులకి నేనే ఆపేశాను” అన్నాడు.

అక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. తల్లి పక్కనే కూర్చుని ఉండగా, “ఏమైనా అలవాట్లున్నాయా?” అని అడిగాను. “లేవు సార్” అన్నాడు. ఆవిడ నా వైపు కొంచెం గర్వంగా చూసింది. నేను మైగ్రేన్ అనుకున్నాను, పైన టెన్షన్ తోడైందనుకున్నాను. నిద్రకి ఒక మాత్ర రాశాను. ఎప్పుడేం కనపడుతోందో రోజూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని రెండు వారాలకి తెమ్మన్నాను.

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టరు తల్లి ముందు పిల్లాణ్ణి మత్తు గురించి అడిగి, వాడు లేదంటే నమ్మాడు. జూనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ పేరా ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు. నోటు పుస్తకం అంతకంటే పెద్ద తప్పు. దాని సంగతి తర్వాత చెప్తాను.

తలుపు వేశాక

రెండు వారాలకి ఇంకా పాలిపోయి వచ్చాడు. ఈసారి తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేశాను. “నువ్వు పెద్దవాడివి. ఇక్కడ చెప్పింది నీ అనుమతి లేకుండా మీ అమ్మకి కూడా చెప్పను. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఆ హక్కు నీకుంది” అన్నాను.

కాసేపు టేబుల్ అంచుని గోటితో గీరాడు. “పోలీసులకి చెప్తారా సార్?”

చెప్పనన్నాను. మత్తుకి అలవాటు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో వైద్యం చేయించుకుంటే, వాడకానికీ కొద్ది పరిమాణానికీ సంబంధించిన కేసుల నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తు పదార్థాల చట్టంలోనే ఉందని కూడా చెప్పాను. చాలా మంది పిల్లలకి ఇది తెలియదు, తల్లిదండ్రులకి అసలే తెలియదు. ఆ భయంతోనే నెలల తరబడి దాచిపెడతారు.

అప్పుడు చెప్పాడు. ఆగస్టు నుంచి నవంబరు లోపల మూడు సార్లు “స్టాంప్” పెట్టుకున్నాడు. చిటికెన వేలి గోరంత కాగితం ముక్క, దాని మీద రంగు బొమ్మ. నాలుక కింద పెట్టుకుంటారు. మొదటిసారి రంగులు, నవ్వులు. రెండోసారి కాగితం చేదుగా తగిలి నాలుక మొద్దుబారిందన్నాడు. ఈ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. స్టాంప్ మీద ఉంటుందని చెప్పి అమ్మేది ఎల్ఎస్‌డీ అనే మత్తు మందు, దానికి దాదాపు రుచి ఉండదు. చేదు, మొద్దుబారడం ఉన్నాయంటే అది ఎన్‌బోమ్ అనే వేరే మందు కావచ్చు. ఎల్ఎస్‌డీ అని చెప్పి అదే కాగితం మీద అమ్ముతారు, దానితో చనిపోయినవాళ్ళు ఉన్నారు. మూడోసారి కాగితంతో పాటు గంజాయి కూడా తాగాడు. ఆ రాత్రి హాస్టల్ గది గోడలు దగ్గరికి వచ్చేస్తున్నాయని ఏడుస్తూ మెట్ల మీదే కూర్చున్నాడు. తెల్లారేసరికి తగ్గింది. ఇక జన్మలో ముట్టనని ఒట్టేసుకున్నాడు. మూడు వారాలు ఏమీ లేదు. తర్వాత ఒకరోజు క్లాసులో బోర్డు వైపు చూస్తుంటే బోర్డంతా చుక్కలు, యాంటెన్నా ఊడిపోయిన పాత టీవీలో కనపడే ఇసకలాగా. అప్పటి నుంచి ఆ ఇసక పోలేదు.

“గంజాయి?” అన్నాను.

“అదీ మానేశాను సార్.”

యూరిన్ స్ట్రిప్ పెట్టాను. గంజాయి గీత పాజిటివ్ చూపించింది. తల దించుకుని, నిద్ర పట్టక రాత్రుళ్ళు తాగుతున్నానన్నాడు. మామూలు స్ట్రిప్పుల్లో ఎల్ఎస్‌డీ దొరకదు, మూడు నెలల తర్వాత అయితే మామూలుగా చేసే ఏ పరీక్షలోనూ దొరకదు. కాబట్టి ఈ జబ్బుకి పరీక్ష అంటూ ఏదైనా ఉంటే, అది తలుపు వేసి అడగడమే.

ఏం కనపడుతోంది

ఈసారి తీరిగ్గా చూశాను. కిటికీకి తెల్ల కర్టెన్ వేసి, దాని ముందు నా నల్ల పెన్నుని మెల్లగా ఎడమ నుంచి కుడికి జరిపాను.

“ఎన్ని పెన్నులు?”

“ఒకటే సార్... దాని వెనక ఐదో ఆరో. నీడల్లాగా. ఇప్పుడు పోయాయి.”

ఎడమ కన్ను మూసుకోమన్నాను. అలాగే ఉంది. కుడి కన్ను మూసుకోమన్నాను. అలాగే ఉంది. ఒక కంటి జబ్బయితే ఆ కన్ను మూసినప్పుడు పోవాలి. గోడ మీది క్యాలెండర్‌లో తేదీల గళ్ళని పది సెకన్లు చూసి పక్కనున్న ఖాళీ గోడ చూడమన్నాను. మనకైతే అరక్షణం ఏదో మసకగా నిలిచి పోతుంది. వాడికి ఆ గళ్ళు అర నిమిషం దాకా గోడ మీదే ఉన్నాయి. రాత్రి వీధిలైట్ల చుట్టూ వలయాలు. హైవే మీద బండి నడుపుతుంటే ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు వెనక వెలుగు తోకలు, అందుకే బండి మానేశాడు. సున్నం గోడని కదలకుండా చూస్తే అది పొంగి తగ్గుతున్నట్టు ఉంటుంది. కళ్ళు మూసుకుంటే?

“ముగ్గులు సార్.”

ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి ఇచ్చాను. వేశాడు. తేనెపట్టు గళ్ళు, వాటి మధ్యలో ఒక సుడి. సంక్రాంతికి మా వీధుల్లో వేసే చుక్కల ముగ్గుకి ఈ గళ్ళకి పెద్ద తేడా లేదు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

ఇక అసలు ప్రశ్న. “గోడ నిజంగా కదులుతోందా?”

“లేదు సార్. కదలట్లేదని నాకు తెలుసు. కనపడటం అలా కనపడుతోంది.”

ఈ ఒక్క జవాబుతో రిస్పెరిడోన్ చీటీ ఎందుకు పొరపాటో తేలిపోయింది. వాడు ఆ డాక్టరు దగ్గర “ఏవేవో కనపడుతున్నాయి” అని ఉంటాడు. మన భాషలో ఆ మాట రెండింటికీ సరిపోతుంది. లేనిది కనపడినా కనపడటమే, ఉన్నది మారి కనపడినా కనపడటమే. డాక్టరు మొదటిది అనుకున్నాడు. కుర్రాడిది రెండోది.

మొదటి రకం నేను మొట్టమొదట చూసింది హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు. ఆకుకూరలో ఉమ్మెత్త ఆకు కలిసిపోయి ఒకే ఇంట్లో నలుగురు క్యాజువాలిటీకి వచ్చారు. నోరు ఎండిపోయి, ఒళ్ళు కాలిపోతూ, కంటిపాపలు నల్లపూసల్లా విచ్చుకుని ఉన్నాయి. ఇంటి పెద్దాయన మంచం మీద కూర్చుని గాల్లోంచి దారాలు లాగి చుట్టుకుంటున్నాడు. నాలుగేళ్ళ కిందట పోయిన తమ్ముడితో పొలం గట్టు గురించి తగువు పడుతున్నాడు. అది లేనిదని ఆయనకి తెలియదు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమైన్ మెదడులో ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం పనిని ఆపేస్తాయి. స్పృహే చెదిరిపోతుంది, మనిషి తానెక్కడున్నాడో మర్చిపోతాడు. తేరుకున్నాక గుర్తు కూడా ఉండదు. ఎల్ఎస్‌డీ దారి వేరు. అందులో స్పృహ ఉంటుంది, జ్ఞాపకం ఉంటుంది, ఎక్కువసార్లు ఇది మందు వల్లేనన్న ఎరుకా ఉంటుంది. మారేది చూపు. రెంటినీ ఒకే గాటన కట్టి “మత్తులో పిచ్చి చూపులు” అనేయడం వల్ల నష్టపోయేది రోగే.

మిగతా అనుమానాలు ఒక్కొక్కటిగా పక్కన పెట్టాను. మైగ్రేన్‌కి ముందు వచ్చే మెరుపు గీతలు సాధారణంగా గంట లోపల పోతాయి, ఇది నెలల తరబడి పోలేదు. మెదడు వెనక భాగంలో వచ్చే మూర్ఛలో రంగు చుక్కలు కొన్ని క్షణాలో నిమిషాలో ఉంటాయి. ఇక్కడ మెదడు తరంగాల పరీక్ష, ఈఈజీ కూడా మామూలుగా ఉంది. రెటీనా ఊడితే ఒక కంట్లో మెరుపులు, తెర దిగినట్టు ఉంటుంది. మందేమీ తీసుకోనివాళ్ళకీ ఇలాంటి ఇసక చూపు వచ్చే విజువల్ స్నో అనే జబ్బు ఒకటుంది. ఇక్కడ మాత్రం మందుకీ లక్షణానికీ మధ్య వరస స్పష్టంగా ఉంది. కాబట్టి హాల్యూసినోజెన్ పర్సిస్టింగ్ పర్సెప్షన్ డిజార్డర్, పొట్టిగా హెచ్‌పీపీడీ. మందు ఒంట్లోంచి పోయినా, మందు నేర్పిన చూపు పోకపోవడం.

వెనక మెదడులో

“కళ్ళు బాగున్నాయంటారు, మరి కనపడేదంతా అబద్ధమేటి?” అని తల్లి తర్వాత ఒకసారి అడిగింది. ఆవిడకి చెప్పినట్టే ఇక్కడా చెప్తాను.

కన్ను పంపేది బొమ్మ కాదు, సంకేతాలు. అవి థాలమస్ అనే మజిలీ దాటి తల వెనక భాగంలో ఉన్న విజువల్ కార్టెక్స్‌కి చేరతాయి. అక్కడ మెదడు గీతలు, అంచులు, కదలిక, రంగు విడివిడిగా తీసుకుని బొమ్మ కడుతుంది. కట్టేటప్పుడు బోలెడంత పారేస్తుంది. రెప్ప వేసినప్పుడు వచ్చే చీకటి, మన ముక్కు అంచు, క్షణం క్రితం చూసినదాని మరక, నరాల్లో ఊరికే రేగే గోల, ఇవేవీ మన దాకా రావు. చేటలో బియ్యం చెరిగినట్టు, ఊక ఎగిరిపోవాలి, గింజ మిగలాలి. ఎల్ఎస్‌డీ, మ్యాజిక్ మష్రూముల్లోని సిలోసైబిన్, పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కలోని మెస్కలిన్, ఇవన్నీ చెయ్యి పెట్టేది ఈ చెరగడంలోనే.

మెదడు కణాల మీద సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఈ మందులకి తలుపు వాటిలో 2ఏ అనే రకం. కార్టెక్స్‌లోని పెద్ద పిరమిడ్ ఆకారపు కణాల మీద, ముఖ్యంగా ఐదో పొరలో ఎక్కువగా ఉంటుంది. విజువల్ కార్టెక్స్‌లోనూ ఉంది. ఈ తలుపుకి కెటాన్సెరిన్ అనే మందుతో ముందే గడియ పెట్టి తర్వాత సిలోసైబిన్ ఇస్తే దృశ్యాలు రావని 1998లో జూరిక్‌లో ఫోలెన్‌వైడర్ బృందం చూపించింది. అంతకంటే తమాషా సంగతి 2017లో బయటపడింది. ఎల్ఎస్‌డీ అణువు ఈ కుటుంబానికే చెందిన 2బీ రిసెప్టర్‌లోకి వెళ్ళి కూర్చున్నాక, రిసెప్టర్‌లో ఒక భాగం దాని మీద మూతలా పడుతుంది. అణువు తొందరగా బయటికి రాలేదు. పిసరంత మందు పది పన్నెండు గంటలు ఎందుకు ఆడిస్తుందో దీనితో కొంత అర్థమవుతుంది. పిసరంత అంటే ఎంతో చెప్పాలి. ఒక మోతాదు 100 మైక్రోగ్రాములనుకుంటే, మన ఇంట్లో ఉండే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళ బరువులో ఐదు వేల మోతాదులు పడతాయి. ఎల్ఎస్‌డీని కనిపెట్టిన ఆల్బర్ట్ హోఫ్‌మన్ 1943 ఏప్రిల్ 19న తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. జాగ్రత్త పడ్డాననుకుని 250 మైక్రోగ్రాములు తీసుకుని, బాసెల్‌లో ఇంటికి సైకిల్ మీద బయలుదేరాడు. సైకిల్ జోరుగా పోతున్నా, ఉన్నచోటు నుంచి కదలట్లేదనిపించిందట. దారి మారలేదు, కన్నూ మారలేదు, లెక్క కట్టే చోటే మారింది.

2016లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు ఇరవై మంది ఆరోగ్యవంతులకి 75 మైక్రోగ్రాములు నరంలోకి ఎక్కించి మెదడు స్కాన్ చేశారు. కళ్ళు మూసుకుని ఉన్నా విజువల్ కార్టెక్స్‌కి రక్తం పెరిగింది. అది మామూలుగా మాట్లాడని దూరపు భాగాలతో కూడా మాట్లాడటం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంటే వెనక మెదడులో నిదానంగా ఆడే ఆల్ఫా తరంగాలు తగ్గిపోయాయి. ఈ మార్పులు ఎంత ఎక్కువుంటే, వాళ్ళకి కనపడిన దృశ్యాలూ అంత ఎక్కువ. బయటి నుంచి ఏమీ రాకపోయినా, జ్ఞాపకం, భయం, ఊహ ఇవన్నీ చూపులోకి తోసుకొస్తాయన్న మాట. ఇంకో సాక్ష్యం పాతది. 1963లో పూర్తిగా చూపు పోయినవాళ్ళకి ఎల్ఎస్‌డీ ఇచ్చి చూశారు. ఒకప్పుడు చూపు ఉండి పోయినవాళ్ళలో కొందరికి దృశ్యాలు కనపడ్డాయి. రెటీనా పని చేయకపోయినా సరే.

ఇక వాడి ముగ్గులు. 1920ల్లో హైన్రిక్ క్లూవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మెస్కలిన్ తీసుకుని, కనపడే ఆకారాలు ఎవరికైనా ఒక నాలుగు రకాల్లోనే తిరుగుతాయని గమనించాడు. గళ్ళు, సాలెగూళ్ళు, సొరంగాలు, సుడులు. ఏ దేశం వాడైనా అవే ఎందుకు? నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే. మనం చూసే గుండ్రని దృశ్యం విజువల్ కార్టెక్స్ మీద అదే ఆకారంలో పరుచుకోదు. చూపు మధ్యలో ఉన్నదానికి ఎక్కువ చోటు, అంచులకి తక్కువ చోటు. కళ్ళముందున్న వలయం అక్కడ నిటారు గీతవుతుంది, మధ్యలోంచి బయటికి పోయే కిరణం అడ్డ గీతవుతుంది. మందు ప్రభావంతో అదుపు తప్పిన కార్టెక్స్‌లో చురుకుదనం చారలు చారలుగా లేస్తే, ఆ చారలు నిలువుగా ఉంటే మనిషికి సొరంగంలా, ఏటవాలుగా ఉంటే సుడిలా కనపడతాయి. ఈ లెక్కని 1979లో ఎర్మెంట్రౌట్, కోవన్ అనే శాస్త్రవేత్తలు మొదలుపెడితే, 2001లో కోవన్ ఇంకొందరితో కలిసి గళ్ళు, సాలెగూళ్ళ దాకా విస్తరించాడు. అంటే వాడు నా కాగితం వెనక వేసింది బయటి ప్రపంచం కాదు, వాడి సొంత కార్టెక్స్ అల్లిక.

ఇదంతా మందు ఒంట్లో ఉన్నప్పటి కథ. మూడు నెలల తర్వాత కూడా ఎందుకు ఉందంటే, ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ చెరగడం మళ్ళీ పూర్తిగా కుదురుకోకపోవడమే. అణచి ఉంచాల్సిన కణాలు పట్టు సడలిస్తే, పారేయాల్సిన ఊక చేటలోనే మిగిలిపోతుంది. ఆ ఇసక, ఆ పెన్ను తోకలు, ఆ క్యాలెండర్ గళ్ళు అన్నీ ఊకే. గంజాయి ఈ లక్షణాలని రేపుతుందన్నది చాలా మంది రోగులు చెప్పే మాట. వీడు దాన్ని నిద్ర మాత్రలా వాడుతున్నాడు.

నోటు పుస్తకం

నేను అడిగానని పాపం శ్రద్ధగా రాసుకొచ్చాడు. తెరిచి చూస్తే గుండె జారింది. మొదటి రోజు మూడు వరసలు. నాలుగో రోజు ఒక పేజీ. పదో రోజు గంట గంటకీ లెక్క. ఉదయం 6:10 పైకప్పు ఇసక, 6:25 చెయ్యి తోక నాలుగు, 6:40 చెయ్యి తోక ఐదు. పొద్దున్న లేచి కళ్ళు తెరవగానే చెయ్యి ముఖం ముందు ఆడించి తోకలు లెక్కపెడుతున్నాడు. తగ్గిందా పెరిగిందా అని. చెల్లెలి ఫోన్‌లో పాట ప్లే అవుతుంటే వినకుండా స్క్రీన్ మీద ఇసక చూస్తున్నాడు.

మనం దేన్ని పనికొచ్చేదని చూస్తామో మెదడు దాన్ని పారేయదు. ఊకని రోజుకి వంద సార్లు ఏరి చూసుకుంటుంటే చేట దాన్ని గింజ అనుకుంటుంది. ఆ పని చేయమని చెప్పింది నేనే. వాడికి ఆ మాట అలాగే చెప్పి, పుస్తకం తీసుకుని నా డ్రాయర్లో పెట్టేశాను. “ఇక రాయొద్దు. చెయ్యి ఆడించి చూసుకోవద్దు. కనపడితే కనపడనీ. అది ప్రమాదం కాదు, కళ్ళు పోవు, పిచ్చి కాదు.” ఆ చివరి మూడు ముక్కలకి వాడు ఏడ్చాడు. నెలల తరబడి రాత్రుళ్ళు పిచ్చెక్కుతోందనే భయపడ్డాడు. ఆ భయానికే గంజాయి, ఆ గంజాయికే ఇసక, ఆ ఇసకకే భయం.

వైద్యం చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. గంజాయి పూర్తిగా బంద్, ప్రతి సారీ స్ట్రిప్ పెడతానని ఒప్పందం. రిస్పెరిడోన్ లాంటివి మళ్ళీ ఎవరిచ్చినా వద్దని రాసిచ్చాను, హెచ్‌పీపీడీలో దానితో ఎక్కువైన కేసులు నమోదయ్యాయి. క్లోనజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర చిన్న మోతాదులో రాత్రికి ఆరు వారాలు, తర్వాత మెల్లగా తగ్గింపు. దానికి అలవాటు పడే గుణం ఉంది, ఒక మత్తు వదిలించి ఇంకోటి అంటించకూడదు, కాబట్టి మాత్రల లెక్క తల్లి చేతిలో పెట్టాను. చదివేవాళ్ళకి ఒక మనవి, ఇది చూసి షాపులో కొని వాడొద్దు. అవసరమైతే లామోట్రిజిన్ అనే మూర్ఛ మందుకి వెళ్దామనుకున్నాను గానీ, ఒంటి మీద దద్దుర్ల ప్రమాదం ఉన్న మందు కాబట్టి ఆగాను. ఆ అవసరం రాలేదు. గదిలో తెల్లగా మెరిసే ట్యూబ్‌లైట్ తీసి పసుపు బల్బు పెట్టించాను. చీకట్లో ఫోన్ చూడటం మాన్పించాను. మధ్యాహ్నాలు తాతతో కలిసి కొబ్బరి తోటకి వెళ్ళమన్నాను. చేతికి పని ఉంటే కంటికి తీరిక ఉండదు.

తల్లికి వాడే చెప్పాడు, నా గదిలోనే. నేను మధ్యలో కల్పించుకోలేదు. ఆవిడ చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, “కాగితం ముక్క తింటే ఎవులికైనా ఇలగవుద్దేటి బాబూ?” అంది. కాగితం మీద ఏముంటుందో చెప్పాను. “గోరంత ముక్కకి మా సంవత్సరం ఎల్లిపోనాది” అని, నల్లబడ్డ ఆ వేళ్ళతోనే వాడి తల మీద ఒక్క మొట్టికాయ వేసి, అదే చెయ్యి అక్కడే ఉంచేసింది.

ఎనిమిది నెలలకి

నెల రోజుల స్ట్రిప్ నెగెటివ్. మూడో నెలలో ఒకసారి పాజిటివ్ వచ్చింది, ఊళ్ళో పెళ్ళిలో స్నేహితులతో. ఇసక వారం రోజులు మళ్ళీ పొంగింది. నేను తిట్టలేదు, ఆ వారమే నాకంటే బాగా చెప్పింది వాడికి. తర్వాత అన్నీ నెగెటివ్. ఆరో నెలలో కాలేజీకి తిరిగి వెళ్ళాడు, పోయిన సెమిస్టర్ మళ్ళీ రాస్తున్నాడు. పెన్ను పరీక్ష ఒక్కసారే చేశాను, వాడికి ముందు చెప్పకుండా. “రెండో మూడో” అన్నాడు, పట్టించుకోనట్టుగా. చీకటి గదిలో ఇసక ఇంకా ఉంది. వీధిలైట్ల వలయాలు ఉన్నాయి. గోడలు ఊపిరి తీయడం పోయింది. కొందరిలో ఇది ఏళ్ళ తరబడి ఉంటుందని వాడికి మొదట్లోనే చెప్పాను, దాచలేదు.

అక్టోబరు మొదటి వారంలో తల్లీ కొడుకులు వచ్చారు. ఏటా మార్చిలో, అక్టోబరులో రెండు మూడు రోజులు అరసవల్లిలో పొద్దుటి కిరణాలు గోపురం దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. అది చూద్దామని తెల్లవారుజామునే వెళ్ళి అటు నుంచి అటే వచ్చారు.

“మబ్బు పట్టీసింది బాబూ. అంత దూరం ఎళ్ళినాం, కిరణాలు పడనేదు” అంది ఆవిడ.

“అందరికీ పడలేదు సార్” అన్నాడు వాడు. “నాకు మాత్రం కొంచెం పడ్డట్టే ఉన్నాయి.”

ఆవిడ కంగారుగా వాడి మొహంలోకి చూసింది. వాడు నవ్వుతున్నాడు. ఈసారి కుర్చీ జరుపుకోలేదు, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగానే కూర్చున్నాడు. చీటీ మీద మూడు నెలల తర్వాతి తేదీ వేసిచ్చాను.